కదిలే చార్జరా, కదిలించుకోగల బోర్డా?

ప్రశ్న: విజయవాడ గొల్లపూడిలో అద్దె గొడౌను నుంచి కిరాణా దుకాణాలకు సరుకు వేస్తాం. ఐదు ఎలక్ట్రిక్ కార్గో ఆటోలు (ఒక్కోదాంట్లో ఏడున్నర యూనిట్ల బ్యాటరీ), రెండు ఎలక్ట్రిక్ మినీ ట్రక్కులు (21 యూనిట్లవి) ఉన్నాయి. అగ్రిమెంటు 11 నెలలే. గోడకు చార్జర్లు బిగించడానికి ఓనరు ఒప్పుకోవడం లేదు. అందుకే పోర్టబుల్ చార్జింగ్ గురించి వాకబు చేస్తే మూడు మాటలు విన్నాం. 40 యూనిట్ల బ్యాటరీ ఉన్న ట్రాలీ చార్జరు 12 లక్షలు. చక్రాల మీద తోసుకెళ్లే 30 కిలోవాట్ల డీసీ ఫాస్ట్ చార్జరు 4 లక్షలు. మూడో ఆయన ఇవేవీ వద్దు, 5 కేవీఏ పెట్రోల్ జనరేటర్ ట్రక్కులో పడేసుకోండి అన్నాడు. ఏలూరు ట్రిప్పుకు ట్రక్కు చార్జి చాలడం లేదు. అక్కడి దుకాణంలో కేబులు పెడితే ఎర్ర లైటు వస్తోంది. గొడౌనులో రెండు సాకెట్లు మాడిపోయాయి. ఒక ఆటో చార్జింగులో ఉండగా బాడీ ముట్టుకుంటే జిల్లుమంటోంది. ఏది కొనమంటారు?

జవాబు: ఆ మూడూ కొనకండి. మీ ఉత్తరంలో చివరన, మిగతా ఫిర్యాదులతో పాటు రాసిన మాటలే అసలు సంగతి: మాడిన సాకెట్లు, జిల్లుమనే బాడీ, ఎర్ర లైటు. మూడింటికీ కారణం చార్జరు కాదు, చార్జరు వెనకున్న కరెంటు పాయింటు. ఆ పాయింటును అలాగే వదిలేసి 12 లక్షల ట్రాలీ తెచ్చినా, ఆ ట్రాలీని రాత్రి నింపాల్సింది అదే పాయింటు మీద కదా.

ముందు డబ్బు లెక్క తేల్చేద్దాం. 40 యూనిట్ల ట్రాలీని నింపడానికి గోడ నుంచి దాదాపు 44 యూనిట్లు లాగుతుంది. అందులో పది శాతం అడుగున వదిలేసి, ఇచ్చేటప్పుడు పోయే నష్టం తీసేస్తే మీ బండికి చేరేది 33 యూనిట్ల పైచిలుకు. అడుగున మిగిలింది మళ్లీ నింపక్కర్లేదు కాబట్టి, యూనిట్ 8 రూపాయలనుకుంటే ఒక్క కరెంటుకే బండికి చేరిన యూనిట్ తొమ్మిదిన్నర రూపాయలు పడుతుంది. దాని మీద ట్రాలీ అరుగుదల. 3,000 సార్లు పూర్తిగా నింపి ఖాళీ చేస్తే యూనిట్‌కు ఇంకో 12 రూపాయలు, అంటే ఎనిమిదేళ్లకు పైగా రోజూ ఒక్క పూట వదలకుండా వాడితే. మీకు పగలు కావలసింది రెండు ట్రక్కులకూ కలిపి 12 యూనిట్లు. ఏడాదికి 300 రోజుల చొప్పున ఎనిమిదేళ్లు వాడినా 28,800 యూనిట్లే. అప్పుడు ఒక్క అరుగుదలే యూనిట్‌కు 42 రూపాయలు. రోడ్డు మీద పబ్లిక్ ఫాస్ట్ చార్జరు దగ్గర 20 రూపాయల చిల్లరకు దొరికే యూనిట్‌ను మీరు 50 దాటించి కొన్నట్టు. పైగా బరువు చూడండి. బ్యాటరీ ఒక్కటే మూడు నాలుగు వందల కిలోలు ఉంటుంది, దాన్ని గొడౌను ర్యాంపు మీద ఎవరు తోస్తారు?

ట్రాలీలు పనికిరానివని కాదు. ట్రాన్స్‌ఫార్మరు శాంక్షన్ కోసం నెలల తరబడి ఎదురుచూసే పెద్ద డిపోకు, కరెంటు లైనే లేని మైదానంలో బండ్లు నిలిపేవాళ్లకు, యాభై అరవై బండ్లు తిప్పుతూ దారిలో ఆగినవాటిని లేపడానికి ఒక సర్వీసు వ్యాను పెట్టుకున్నవాళ్లకు అవి లెక్కకు వస్తాయి. ఏడు బండ్ల మీకు రావు.

చక్రాల డీసీ చార్జరు చూడటానికి సూట్‌కేసులా ఉన్నా, దాని వైరు అవతలి కొసకు ఏం కావాలో కొటేషన్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. 30 కిలోవాట్లకు త్రీఫేజ్‌లో ఒక్కో ఫేజుకు 45 ఆంపియర్ల దాకా కావాలి. అంటే 63 ఆంపియర్ల ఐదు పిన్నుల ఎర్ర ఇండస్ట్రియల్ సాకెట్. అది ఏలూరు కిరాణా కొట్టులో దొరకదు, మీ గొడౌనులోనూ ఇప్పుడు లేదు. ఇంకో మాట. చార్జరు 30 ఇవ్వగలిగినా, బండి ఎంత అడిగితే అంతే వెళ్తుంది. 21 యూనిట్ల ప్యాకు ఎంత వరకు తీసుకుంటుందో మాన్యువల్లో చూడకుండా ఎవరూ సంతకం పెట్టకూడదు. రోజుకు 12 యూనిట్లు, నెలకు 25 రోజులు, యూనిట్‌కు 12 రూపాయల మిగులు వేసుకుంటే నెలకు 3,600. నాలుగు లక్షలు తిరిగి రావడానికి తొమ్మిదేళ్లు. లోడు పెంచినందుకు నెలనెలా ఫిక్స్‌డ్ చార్జీ పడితే, అది ఇందులో కలపలేదు.

జనరేటర్ సంగతి. 5 కేవీఏ పెట్రోల్ సెట్టు 3.3 కిలోవాట్ల లోడు మీద గంటకు దాదాపు రెండు లీటర్లు తాగుతుంది. లీటరు 110 చొప్పున 220 రూపాయలు. ఆ గంటలో ట్రక్కు బ్యాటరీలోకి చేరేది 2.9 యూనిట్లు, అంటే సరుకుతో 14 కిలోమీటర్లు. డీజిల్ మినీ ట్రక్కు అదే రెండు లీటర్లతో 30 కిలోమీటర్లు దాటి పోతుంది. అంత ఖర్చు పెట్టినా చాలాసార్లు చార్జింగే మొదలవదు. ఎందుకంటే చిన్న పోర్టబుల్ సెట్టులో న్యూట్రల్ ఎక్కడా ఎర్త్‌కు కలిసి ఉండదు. ట్రక్కు కేబులు మధ్యలో ఉండే కంట్రోల్ బాక్సు ముందు ఎర్త్ వెతుకుతుంది, కనబడకపోతే ఎర్ర లైటు వేసి కూర్చుంటుంది. న్యూట్రల్‌ను ఎర్త్‌తో కలపడానికి ఒక పద్ధతి ఉంది. జనరేటర్ దగ్గరే కలపాలి, దాని తర్వాత ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి కారితే లైను తెంచే స్విచ్) ఉండాలి, అలా కలిపిన సెట్టును ఇంటి లైనుకు ఎప్పుడూ తగిలించకూడదు. రోడ్డు పక్కన డ్రైవరు చేత చేయించే పని కాదది.

ఇక మీ మూడు ఫిర్యాదులు.

సాకెట్లు ఎందుకు మాడాయి? మిక్సీ పది నిమిషాలు తిరిగి ఆగుతుంది, గీజరు పావుగంటలో ఆగుతుంది. బండి చార్జరు 14 ఆంపియర్లను ఏడు గంటలు విడవకుండా లాగుతుంది. సాకెట్ లోపలి ఇత్తడి రేకు పట్టు వదిలి, పిన్నుతో కలిసే చోట 0.1 ఓమ్ అడ్డు వచ్చిందనుకోండి, 14.5 ఆంపియర్లకు అక్కడ 21 వాట్ల వేడి పుడుతుంది. రేడియో మెకానిక్ వాడే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌ను ప్లాస్టిక్ డబ్బాలో దూర్చి రాత్రంతా వదిలేసినట్టే. సన్న పిన్నూ లావు పిన్నూ రెండూ పట్టేలా వచ్చే 6/16 ఆంపియర్ల కలగూర సాకెట్లు ఇందులో మరీ అధ్వానం. రెండింటికీ సర్దుకోవాలి కాబట్టి దేన్నీ గట్టిగా పట్టవు. 16 ఆంపియర్లకే చేసిన మూడు రంధ్రాల సాకెట్ వేయండి, వెనక స్క్రూలు వైరును కొరికి పట్టేలా బిగించండి. కంట్రోల్ బాక్సును ప్లగ్గుకు వేలాడనివ్వకండి. ఆ బరువుకే వారం పది రోజుల్లో సాకెట్ వదులవుతుంది. పక్కనే ఒక కొక్కెం చాలు. చార్జింగు మొదలైన గంటకు ప్లగ్గు వీపు మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే సరే, చెయ్యి నిలవకపోతే ఆపి సాకెట్ మార్చండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే 60 డిగ్రీలు గీత అనుకోండి.

సాయంత్రం వోల్టేజి పడిపోయే వీధుల్లో ఇది ఇంకా ముదురుతుంది. ఆటో చార్జర్లలో చాలావరకు వోల్టేజి తగ్గితే ఆంపియర్లు పెంచి తమ వాట్లు తాము లాక్కుంటాయి. 230 దగ్గర 13 ఆంపియర్లు లాగేది 190 దగ్గర పదిహేనున్నర దాటుతుంది. వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అదే సాకెట్ దాదాపు ఒకటిన్నర రెట్లు కాలుతుంది.

ఆటో బాడీ జిల్లుమనడం. చార్జరు లోపల ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ బాడీకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి, రేడియో గోల ఆపడానికి. వాటి గుండా కారే రెండు మూడు మిల్లీ ఆంపియర్లు ఎర్త్ వైరులోంచి నేలలోకి పోవాలి. ఎర్త్ లేకపోతే బాడీ గాలిలో వేలాడి, మీటరు పెడితే 110 వోల్టుల దాకా చూపిస్తుంది. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి తలుపు తీసినవాడి గుండా అది పోతుంది. మీ ట్రక్కు కేబుల్లో ఎర్త్ వెతికే బాక్సు ఉంది, ఎర్త్ లేకుంటే అది చార్జింగే మొదలుపెట్టదు. ఆటో చార్జర్లలో చాలావాటికి ఆ బాక్సు లేదు. ఎర్త్ ఉన్నా లేకున్నా నోరు మూసుకుని చార్జి చేస్తాయి. కాబట్టి మీ దగ్గర ఎక్కువ భయపడాల్సింది ఎర్ర లైటు వేసే ట్రక్కు గురించి కాదు, ఏమీ చెప్పని ఆటో గురించి. ఆ ఆటోను ఇవాళ్టి నుంచే ఆ పాయింటు మీద పెట్టకండి. ముందు ప్లగ్గు లావు పిన్ను విరిగిందేమో, టూపిన్ అడాప్టరేమైనా మధ్యలో ఉందేమో చూడండి. మంచి ఎర్త్ ఉన్న చోట పెట్టాక ఆర్‌సీసీబీ పడిపోతుంటే మాత్రం చార్జరులో నీరు చేరిందో, ఇన్సులేషన్ పోయిందో. అది సర్వీసు సెంటరు పని.

ఏలూరు ఎర్ర లైటు కూడా ఇదే జబ్బు. ఎర్త్ లేకపోవచ్చు, ఉన్నా ఎర్త్‌కూ న్యూట్రల్‌కూ మధ్య వోల్టేజి ఎక్కువ ఉండొచ్చు, కొన్ని బాక్సులు ఫేజు, న్యూట్రల్ తారుమారైనా ఒప్పుకోవు. మూడు లైట్ల సాకెట్ టెస్టరు ఒకటి ప్రతి ట్రక్కు డాష్‌బోర్డులో ఉంచండి. కొన్ని వందల్లో వస్తుంది. ఎర్త్ లేదా, తీగలు తారుమారా అన్నది క్షణంలో చెబుతుంది. ఎర్త్ ఎంత మంచిదో మాత్రం చెప్పలేదు. ఇక్కడే ఎలక్ట్రీషియన్లు ఒక 'సాయం' చేస్తారు: సాకెట్ లోపల న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు చిన్న లింకు. లైటు పచ్చగా మారుతుంది, అందరూ సంతోషిస్తారు. ఎప్పుడో ఒకరోజు ఆ దుకాణం న్యూట్రల్ తెగితే మీ ట్రక్కు బాడీ మొత్తం 230 వోల్టులకు ఎక్కుతుంది. ఎర్త్ ఉన్నట్టు బాక్సును నమ్మించే డమ్మీ ప్లగ్గులు కూడా ఇలాంటివే. ఏ డ్రైవరు దగ్గరైనా అవి కనిపిస్తే తీసుకుని పారేయండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. గోడ ముట్టుకోకుండా, 11 నెలలయ్యాక మీతో పట్టుకుపోయేలా ఒక స్టాండు బోర్డు చేయించండి. కదలాల్సింది చార్జరు కాదు, ఈ బోర్డు.

మీ లోడు ఎంతో ముందు చూద్దాం. ఏడూ ఒకేసారి పెడితే ఆటోకు 3 కిలోవాట్లు, ట్రక్కుకు 3.3 చొప్పున 21.6 కిలోవాట్లు. కానీ రాత్రికి కావలసిన యూనిట్లు ఆటోలకు నష్టాలతో కలిపి 42, ట్రక్కులకు 48, మొత్తం 90. తెల్లారేలోపు పంచితే గంటకు పది కూడా పడదు. ఆటోలు ఆరున్నరకు వచ్చేస్తాయనుకుందాం. అరగంట చల్లారనిచ్చి ఏడింటికి మూడు ఆటోలు, ఫేజుకొకటి, 9 కిలోవాట్లు. మూడున్నర గంటల్లో అవి నిండుతాయి. పదిన్నరకు రెండు ట్రక్కులు ఆర్, వై ఫేజుల మీద, మిగిలిన రెండు ఆటోలు బి ఫేజు మీద. ఇది 12.6 కిలోవాట్లు. ఆటోలు రెండింటికి, ట్రక్కులు ఆరు లోపు పూర్తి. అంటే 15 కిలోవాట్ల త్రీఫేజ్ కనెక్షన్ సరిపోతుంది. ఓనరు అంగీకార పత్రంతో మీ కరెంటు పంపిణీ సంస్థ ఏపీసీపీడీసీఎల్‌లో ఈవీ చార్జింగు కేటగిరీ కింద వేరే మీటరు అడగండి. కమర్షియల్ కేటగిరీతో పోలిస్తే మేలు. సొంత బండ్లు చార్జి చేసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదని కేంద్ర విద్యుత్ శాఖ 2018లోనే చెప్పింది, 2024 మార్గదర్శకాల్లోనూ అదే ఉంది.

బోర్డుకు లోపలికి వచ్చేది 5 కోర్ (ఐదు తీగల) 6 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటర్ల) మందం కాపర్ ఫ్లెక్సిబుల్ కేబులు, 25 మీటర్ల లోపు. కొసన 32 ఆంపియర్ల ఐదు పిన్నుల ఇండస్ట్రియల్ ప్లగ్గు. బోర్డులో 32 ఆంపియర్ల ఫోర్‌పోల్ ఎంసీబీ (లోడు మించితే మూడు ఫేజులనూ న్యూట్రల్‌నూ కలిపి తెంచే స్విచ్), దాని పక్కన ఓవర్ వోల్టేజి రిలే. ఈ రిలే వద్దని ఎలక్ట్రీషియన్ అంటాడు, వినకండి. త్రీఫేజ్‌లో న్యూట్రల్ ఒక్కటి వదులైతే తక్కువ లోడున్న ఫేజు 350 దాటి పోగలదు. ఒక్క రాత్రిలో ఏడు చార్జర్లు కాలిపోవడానికి ఇంతకన్నా తేలికైన దారి లేదు. 270 దగ్గర కట్ చేసేలా పెట్టించండి. న్యూట్రల్ వైరు ఫేజు వైరు కన్నా సన్నగా వేయనివ్వకండి. చౌక ఆటో చార్జర్లు కరెంటును ఎగుడుదిగుడుగా లాగడం వల్ల పుట్టే హార్మోనిక్స్‌లో చాలావరకు న్యూట్రల్లో పోగవుతాయి.

బయటికి ఏడు లైన్లు. ప్రతి లైనుకూ విడిగా 30 మిల్లీ ఆంపియర్ల టైప్ ఎ ఆర్‌సీబీఓ, అంటే ఆర్‌సీసీబీ, ఎంసీబీ రెండూ ఒకే డబ్బాలో ఉన్నది. ఏడింటికీ కలిపి ఒకే ఆర్‌సీసీబీ వేస్తే డబ్బు మిగులుతుంది, నిద్ర మిగలదు. ఒక్కో చార్జరు మామూలుగానే రెండు మూడు మిల్లీ ఆంపియర్లు కారుస్తుంది, 30 అని రాసిన బ్రేకరు 15 దాటాక ఎప్పుడైనా పడొచ్చు. అర్ధరాత్రి పడిపోతే తెల్లారి ఏడు బండ్లూ ఖాళీ. టైప్ ఏసీ అని ఉన్నది తీసుకోకండి. చార్జర్ల నుంచి వచ్చే డీసీ కలిసిన లీకేజికి అది మొద్దుబారిపోతుంది.

ఎంసీబీల గురించి ఒక చిక్కు. వాటి రేటింగు 30 డిగ్రీల గాలికి లెక్కగట్టింది. మే నెలలో మూసిన డబ్బాలో 50 ఉంటుంది, 16 ఆంపియర్లది పద్నాలుగున్నర దానిలా పనిచేస్తుంది, అనవసరంగా పడిపోవచ్చు. ఎలక్ట్రీషియన్ వెంటనే 32 వేసేస్తాడు. అప్పటి నుంచి సాకెట్ మాడుతున్నా ఎంసీబీ పడదు. ఆటోల లైన్లకు 16 ఉంచండి, ట్రక్కుల రెండింటికి మాత్రం 4 ఎస్‌క్యూ ఎంఎం వైరుతో 20 వేయండి, బ్రేకర్ల మధ్య ఒక్కో ఖాళీ వదలండి, బోర్డు నీడలో పెట్టండి. రెండు విడతలకు డిజిటల్ టైమరు, అది చెప్పినప్పుడు లైన్లు కలిపి తెంచే స్విచ్‌లు (కాంటాక్టర్లు). కరెంటు పోయి వచ్చాక ట్రక్కు తానే మళ్లీ మొదలెడుతుందో లేదో ఒకసారి స్విచ్ ఆపి చూసి నిర్ధారించుకోండి. కొన్ని మొదలెట్టవు, అలాంటివి టైమరు మీద ఆధారపడకూడదు. మంచి బ్రాండ్లు వాడినా బోర్డు, కేబులు, ఎర్తింగు కలిపి లక్ష లోపే తేలాలి.

ఎర్త్ పిట్లు రెండు తవ్వించండి. ఇదొక్కటి మీరు వెళ్లేటప్పుడు వదిలేయాల్సి వస్తుంది, ఓనరుకు లాభమే కాబట్టి ఒప్పుకుంటాడు. ఐదు ఓమ్‌ల లోపు రావాలి. ఎర్త్ టెస్టరు లేకపోతే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత ఇలా చూపించండి: బండ్లన్నీ తీసేసి, ఎవరూ ఏదీ ముట్టుకోకుండా, ఆర్‌సీబీఓకు ముందు ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 100 వాట్ల పాత బల్బు. బల్బు వెలిగిందని సంబరపడొద్దు, ఎర్త్ వంద ఓమ్‌లున్నా అది వెలుగుతుంది. వెలుగుతుండగా న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజి ఎంత పెరిగిందో చూడాలి. రెండు వోల్టులు పెరిగితే దాదాపు ఐదు ఓమ్‌లు, పది పెరిగితే ఇరవై మూడు. ఎండాకాలం పిట్‌లో వారానికో బిందె నీళ్లు పోయించండి. పాత పద్ధతే కానీ పనిచేస్తుంది.

ఏలూరు ట్రిప్పు. గొల్లపూడి నుంచి ఒకవైపు 66 కిలోమీటర్లు వేసుకుందాం. సరుకుతో కిలోమీటరుకు 0.2 యూనిట్లు, ఖాళీగా వచ్చేటప్పుడు 0.16. మీ బండి మీటరు చూసి ఈ అంకెలు సరిచేసుకోండి. వెళ్లేసరికి 13.2 ఖర్చయి 8 మిగులుతాయి. తిరిగి రావడానికి పదిన్నర కావాలి. మూడు యూనిట్లు చేతిలో ఉంచుకోవాలంటే ఏలూరులో ఎక్కించాల్సింది ఐదున్నర. మామూలు 16 ఆంపియర్ల పాయింటు మీద గంటకు 2.9 చొప్పున రెండు గంటలు. సరుకు దించి, బిల్లులు రాయించుకుని, భోంచేసే టైమదే. అంటే 12 లక్షల ట్రాలీ తీర్చాల్సిన కష్టాన్ని ఏలూరులో మీ పెద్ద కస్టమరు దగ్గర ఒక మంచి పాయింటు తీరుస్తుంది. మీ ఖర్చుతో మీటరు బోర్డు నుంచి నేరుగా 4 ఎస్‌క్యూ ఎంఎం వైరు, ఒక ఆర్‌సీబీఓ, ఒక ఎర్త్ రాడ్ వేయించి ఇవ్వండి. కరెంటు బిల్లు గురించి ఆయన జంకుతాడు. చిన్న ప్లగ్ మీటరు పెట్టి యూనిట్‌కు పది రూపాయలు ఇస్తానంటే ట్రిప్పుకు అరవై డెబ్బై, పేచీ ఉండదు. లోడు రెండు ఏసీలు కలిపి నడిచినంత. డీప్ ఫ్రీజరు ఉన్న సాకెట్‌నే పంచుకోవద్దు.

దారిలో వాడుకోవడానికి ట్రక్కుకు 15 మీటర్ల 3 కోర్ 4 ఎస్‌క్యూ ఎంఎం కాపర్ ఎక్స్‌టెన్షన్ ఒకటి ఉంచండి. కొలతకు ఇంత పట్టుదల ఎందుకంటే, బజార్లో దొరికే 1 ఎస్‌క్యూ ఎంఎం వైరు 30 మీటర్లు వేస్తే 16 ఆంపియర్లకు 18 వోల్టులు పడిపోతుంది, వైరు మొత్తం మీద 300 వాట్ల వేడి పుడుతుంది. 4 ఎస్‌క్యూ ఎంఎంలో అదే దూరానికి ఐదు వోల్టులు కూడా పడదు. చుట్ట మీద ఉన్న వైరు అయితే మొత్తం విప్పి పరచాలి. సగం చుట్టి వాడితే వేడి బయటికి పోలేక లోపలి పొరలు అతుక్కుపోతాయి.

బండి దారిలో పూర్తిగా ఆగిపోతే, కేబులు పెట్టినా కదలిక లేకపోతే ముందు 12 వోల్టుల చిన్న బ్యాటరీ చూడండి. అది చచ్చిపోతే పెద్ద బ్యాటరీలో చార్జి ఉన్నా బండి నిద్ర లేవదు, చార్జింగూ తీసుకోదు. జంప్ ఇచ్చాక మళ్లీ ప్రయత్నించండి. తాడు కట్టి లాగించకండి. చక్రాలతో పాటు మోటారు తిరిగి కరెంటు పుట్టిస్తుంది. ఫ్లాట్‌బెడ్ మీదే ఎక్కించాలి. ఈమధ్య కార్లు బయటికి కరెంటు ఇస్తున్నాయి. 2023 నాటి నెక్సాన్ ఈవీ 3.3 కేవీఏ దాకా ఇస్తుంది. మీ ఇంట్లో అలాంటిది ఉంటే ఆటోను లేపడానికి జనరేటర్ కన్నా నయం. అక్కడా ఎర్త్ సంగతి జనరేటర్‌లాంటిదే కాబట్టి ట్రక్కు కేబులు ఒప్పుకుంటుందో లేదో ఇంటి దగ్గరే పరీక్షించుకోండి.

ఆటోల మధ్య చార్జర్లు మార్చే అలవాటు ఉంటే మానిపించండి. అన్నింటి మీదా 48 వోల్టులు అనే ఉంటుంది. కానీ లిథియం బ్యాటరీల్లో రెండు రకాలున్నాయి: 16 సెల్లుల ఎల్‌ఎఫ్‌పీ ప్యాకు 58.4 వోల్టుల దగ్గర నిండితే, 13 సెల్లుల ఎన్‌ఎంసీ 54.6కే నిండుతుంది. గన్ను పట్టింది కదా అని మొదటిదాని చార్జరు రెండోదానికి పెడితే బ్యాటరీని కాపాడేది దాని లోపలి కాపలా సర్క్యూటు బీఎంఎస్ ఒక్కటే. అది కూడా విఫలమైన రోజు గొడౌనులో నూనె డబ్బాల పక్కన ఆ ఆటో నిలబడి ఉంటుంది. చార్జరుకూ ఆటోకూ ఒకే నంబరు పెయింటుతో రాయించండి. బ్యాటరీ మార్చుకునే పద్ధతి గురించి కూడా మీకు ఎవరైనా చెప్పొచ్చు. హైదరాబాద్‌లో రేస్ఎనర్జీ లాంటి సంస్థలు ఆటోలకు అది నడుపుతున్నాయి. అందుకు తగ్గ ప్యాకుతో వచ్చిన ఆటోలకే కుదురుతుంది కాబట్టి ఉన్నవాటికి ఆశ పెట్టుకోకండి.

బోర్డు స్టాండు ఎత్తు నడుముకు పైనే ఉండాలి, డబ్బా ఐపీ 55 (దుమ్ముకూ నీటి జల్లుకూ తట్టుకునేది) ఉండాలి. ఎక్స్‌టెన్షన్ జాయింటు వానలో నేల మీద పడి ఉండకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎంత ఎత్తున నీళ్లు నిలిచాయో మీకు తెలిసిందే. హెచ్చరిక వచ్చిన రోజు బోర్డు ప్లగ్గు పీకి పైకి ఎత్తేయొచ్చు, గోడకు బిగించినదానికి ఆ వీలు లేదు. బ్యాటరీ దాకా మునిగిన బండిని మాత్రం ఆరిందని చార్జింగు పెట్టకండి. మిగతా బండ్లకూ సరుకుకూ దూరంగా ఆరుబయట నిలిపి, కంపెనీ వాళ్లు ఇన్సులేషన్ కొలిచాకే ప్లగ్గు తగిలించండి.